తాడు పేనడం దండగ కాదు

సంపాదకుల వారికి,

బజారులో చౌకగా దొరికే వస్తువును ఊళ్లో తయారుచేయడం దండగన్న మీ వ్యాసకర్త మాట నాకు మింగుడుపడలేదు. కోనసీమలో కొబ్బరి డొక్కకు కరువా? దాన్ని నెలల తరబడి నానబెట్టి, దంచి పీచు తీస్తారు. ఆ పీచుతో ఒక్కో పాయను ఒకవైపు పురిపెట్టి, రెండు పాయలను కలిపి ఎదురువైపు మెలేస్తారు. ఆ రెండు పురులూ ఒకదాన్నొకటి బిగించడం వల్లే తాడు విడిపోదు. ఉప్పునీటినీ బాగా తట్టుకుంటుంది. నైలాన్ తాడు చౌకే కావచ్చు, కానీ తెగి ఇసుకలో పడితే మట్టిలో కలవదు.

సముద్రంలోని గ్యాస్ మా ఊరి ఓఎన్‌జీసీ టెర్మినల్‌కు చేరుతుందని ఇక్కడి పిల్లలకు తెలుసు. పెరట్లోని డొక్క తాడెలా అవుతుందో కూడా తెలియాలి. బడుల్లో పీచు పని నేర్పించండి. పేనే చేతులు ఇంకా ఉన్నాయి.

– ఓ పాఠకుడు, ఓడలరేవు