జబ్బు కనిపెట్టాక ఏం చేస్తాం?

షుగర్ వ్యాధి కంటిని చప్పుడు లేకుండా దెబ్బతీస్తుంది. కంటి వెనక పొర (రెటీనా) మీదుండే సన్నని రక్తనాళాలు ఉబ్బుతాయి. చిన్న చిన్న బొట్లుగా రక్తం కారుతుంది, నీరు చేరుతుంది. లోపల ఇంత జరుగుతున్నా చాలాకాలం చూపు బాగానే ఉంటుంది. మనిషి పేపరు చదువుకుంటాడు, బండి నడుపుకుంటాడు, షుగర్ మాత్ర వేసుకుంటున్నాను కదా అని ధీమాగా ఉంటాడు. చూపు మసకేసిందని ఆస్పత్రికి వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. లేజర్‌తోనో, కంట్లో వేసే ఇంజెక్షన్లతోనో ఉన్న చూపును నిలబెట్టడమే డాక్టర్ల చేతిలో ఉంటుంది. పోయిన చూపంతా తిరిగి రాదు. అదే రెండేళ్ల ముందు తెలిసి ఉంటే చాలామందికి ఈ గతి పట్టేది కాదు.

మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన సర్వే 2023లో తేల్చింది. 40 ఏళ్లు దాటిన షుగర్ రోగుల్లో నూటికి 12, 13 మందికి రెటీనా దెబ్బతిన్నదనీ, నలుగురికి చూపు పోయే ముప్పు దాకా వచ్చిందనీ పలు రాష్ట్రాల్లో జరిపిన మరో అధ్యయనం 2022లో వెల్లడించింది. వీళ్లందరి రెటీనానూ ఏడాదికోసారి చూడాలి. చూడగలిగిన నిపుణులు కొద్దిమంది, వాళ్లూ నగరాల్లోనే ఉన్నారు. వైద్యంలోకి కృత్రిమ మేధ (ఏఐ) అడుగుపెట్టిన తొలి ద్వారాల్లో ఇదొకటి కావడానికి కారణం ఈ అగాధమే.

2016 నవంబరులో గూగుల్ పరిశోధకులు అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. 1,28,175 రెటీనా ఫొటోలను 54 మంది కంటి వైద్యులకు చూపించి, ఏది ఏ దశో గుర్తు పెట్టించి, వాటితో కంప్యూటర్‌కు శిక్షణ ఇచ్చారు. ఒక్కో ఫొటోను ముగ్గురి నుంచి ఏడుగురి దాకా చూశారు. ఒకే ఫొటో మీద డాక్టర్ల మధ్యే ఏకాభిప్రాయం ఉండదు గనుక అంతమంది అవసరమయ్యారు. ఆ శిక్షణ పూర్తయ్యాక కంప్యూటర్ నూటికి 97 కేసుల దాకా పట్టుకుంది. ఆ ఫొటోల్లో గణనీయమైన భాగం మనవాళ్లవి. మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ, బెంగళూరు నారాయణ నేత్రాలయకు వచ్చిన రోగుల కళ్లు ఆ యంత్రానికి చదువు చెప్పాయి. ఈ సంగతిని మనం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

ఆ తర్వాత జరిగింది ఇంకా విలువైన పాఠం. 2018-19లో ఇదే సాంకేతికతను థాయిలాండ్‌లో పదకొండు ప్రభుత్వ క్లినిక్‌లకు తీసుకెళ్లారు. అంతకుముందు అక్కడ నర్సులు ఫొటో తీసి దూరాన ఉన్న కంటి డాక్టరుకు పంపితే, జవాబుకు పది వారాలు పట్టిన సందర్భాలున్నాయి. ఇప్పుడు నిమిషాల్లో జవాబు రావాలి. తొలి నెలల్లో తీసిన 1,838 ఫొటోల్లో 21 శాతాన్ని యంత్రం తిప్పికొట్టింది. స్పష్టంగా లేవంది. స్పష్టమైన ఫొటో రావాలంటే చీకటి గదిలో, నిదానంగా తీయాలి. ఇక్కడేమో కిటికీలున్న గది, బయట వరుసలో జనం, నర్సుకు ఇంకో పది పనులు. ఒకచోట రెండు గంటలు ఇంటర్నెట్ ఆగిపోతే ఆ రోజు చూసిన రోగుల సంఖ్య సగానికి పడిపోయింది. కొన్నిచోట్ల నర్సులే రోగులను ఈ అధ్యయనంలో చేరొద్దని వారించారు. ఫొటో సరిగా రాకపోయినా పెద్దాస్పత్రికి వెళ్లమని యంత్రం చెబుతుంది. అలా వెళ్లడమంటే రోగికి ఒక రోజు పని పోవడమేనని వాళ్లకు తెలుసు. ఆ నర్సులు సాంకేతికతకు శత్రువులేం కారు. ఆ గదిలో రోగి వైపు నుంచి ఆలోచించింది వాళ్లే.

ఈ వైఫల్యాన్ని గూగుల్ పరిశోధకులే బయటపెట్టారు, అందుకు మెచ్చుకోవాలి. తరువాత లోపాలు సరిచేసి అదే దేశంలో జరిపిన పెద్ద అధ్యయనంలో ఆ యంత్రం నిపుణులకు దీటుగా నిలిచింది. కంటి ఫొటో చదవడంలో కృత్రిమ మేధ సామర్థ్యం మీద నాకు అనుమానం లేదు. నా ఆందోళనంతా ఆ జవాబు వచ్చిన తర్వాతి రోజు గురించే.

ఒక మండలంలో 40 దాటిన వెయ్యి మంది షుగర్ రోగులకు ఫొటో తీశామనుకుందాం. పైన చెప్పిన అధ్యయనం ప్రకారం వారిలో సుమారు 40 మందికి చూపు పోయే ముప్పు ఉంటుంది. నూటికి 97 పట్టుకునే యంత్రం 39 మందిని పట్టుకుంటుంది, ఒకరిని వదిలేస్తుంది. మిగతా 960 మందిలో నూటికి ఏడుగురిని పొరపాటున అనుమానించినా 67 మంది అవుతారు. స్థూలంగా చూస్తే మొత్తం 106 మందిని పట్నం పంపాలి. వాళ్లలో నిజంగా చికిత్స కావలసినవాళ్లు 39 మందే. స్క్రీనింగ్ ఎక్కడైనా ఇలాగే ఉంటుంది, ఇందులో మోసమేమీ లేదు. కానీ పాడేరు మన్యం నుంచో, ఆసిఫాబాద్ అడవుల నుంచో వచ్చే మనిషికి ఆ ప్రయాణం ఎంత ఖర్చో ఈ లెక్కలో కనిపించదు. కంట్లో చుక్కలు వేస్తే గంటల తరబడి చూపు మసకగా ఉంటుంది గనుక తోడు ఇంకొకరు రావాలి. ఇద్దరి కూలీ పోతుంది, ఛార్జీలు పడతాయి. అంతా చేసి వెళితే నీకేం లేదు పొమ్మంటే, మరుసటి ఏడాది పరీక్షకు అతను రాడు. ఇంజెక్షన్ కావాలంటే నెల నెలా రమ్మంటారు. రెండోసారికే చాలామంది ఆగిపోతారు.

మనకు ఇందులో సొంత అనుభవం కూడా ఉంది. తెలంగాణలో కంటి వెలుగు అనే ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలై, తొలి విడతలోనే సుమారు కోటిన్నర మందిని పరీక్షించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పేరుతోనే 2019 అక్టోబరులో అనంతపురంలో కార్యక్రమం ఆరంభమైంది. ప్రభుత్వ వ్యవస్థ తలచుకుంటే ఊరూరా ప్రతి మనిషి కంటినీ చూడగలదని ఇవి రుజువు చేశాయి. అది చిన్న విషయం కాదు. అయితే వీటి ప్రధాన కానుక కళ్లద్దాలు. అద్దాలు అక్కడికక్కడే చేతిలో పెట్టొచ్చు, తర్వాత పంపినా సరిపోతుంది. రెటీనా జబ్బుకు అద్దాలు పనికిరావు. దానికి డాక్టరు, లేజర్ యంత్రం, మందు, మళ్లీ మళ్లీ పిలిచే మనిషి కావాలి. కంటి వెలుగు శిబిరానికి ఏఐ కెమెరా తగిలించినంత మాత్రాన ఇవి పుట్టుకురావు.

క్షయ విషయంలో ఏఐ ఎందుకు త్వరగా కుదురుకుందో చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఛాతీ ఎక్స్‌రేలను కంప్యూటర్ చదవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే, 15 ఏళ్లు దాటినవారి వరకు సమ్మతించింది. మన దేశంలో 2024 డిసెంబరు 7న మొదలైన వంద రోజుల క్షయ నిర్మూలన కార్యక్రమంలో చేత్తో పట్టుకుని తిప్పగలిగే ఎక్స్‌రే యంత్రాలు ఏఐతో కలిసి ఊళ్లకు వెళ్లాయి. అనుమానం ఉందని యంత్రం అంటే తర్వాత ఏం చేయాలో ఆ పని చేసేవాళ్లకు తెలుసు. తెమడ పరీక్ష ఉంది. తేలితే పేరు ప్రభుత్వ క్షయ పోర్టల్ నిక్షయ్‌లో నమోదవుతుంది, మందులు ఉచితం, పోషణకు నెలకు వెయ్యి రూపాయలు, మాత్రలు వేసుకున్నావా అని అడిగే కార్యకర్త. లోపాలెన్ని ఉన్నా దశాబ్దాలుగా వేసుకున్న దారి అది. ఏఐ ఆ దారి మొదట్లో నిలబడి పనిచేస్తోంది. షుగర్ కంటి జబ్బుకు ఆ దారి ఇంకా పడలేదు.

ఎలా వేయాలో తెలియక కాదు. హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ దశాబ్దాలుగా చేస్తున్నదదే. సుమారు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్, అక్కడ శిక్షణ పొందిన స్థానిక యువతీయువకులు. వాళ్ల పైన ఆపరేషన్లు చేయగల చిన్న ఆస్పత్రి, ఆ పైన పెద్దది. కింది మెట్టు మీదున్న అమ్మాయి ఒక రోగిని పైకి పంపితే, అక్కడ ఎవరు చూస్తారో ఆమెకు తెలుసు. ఏఐ కూర్చోవలసిన చోటు ఆ అమ్మాయి పక్కన. ఆమె లేని ఊళ్లో కెమెరా ఎంత తెలివైనదైనా రోగి చేతిలో ఒక చీటీ పెట్టి ఊరుకుంటుంది.

ఇక తప్పు జరిగితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న. యంత్రం వదిలేసిన ఆ ఒక్కరు రెండేళ్లకు చూపు కోల్పోతే ఎవరిని అడగాలి? 1995లో సుప్రీంకోర్టు వైద్య సేవలను వినియోగదారుల రక్షణ చట్టం కిందికి తెచ్చింది కనుక డాక్టరును అడగవచ్చు. 2020 మార్చిలో కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఏఐ తనంతట తాను రోగికి సలహా ఇవ్వరాదనీ, మందు రాయరాదనీ స్పష్టంగా చెప్పాయి. డాక్టరుకు సాయం మాత్రమే చేయాలి. వినడానికి బాగుంది. ఆచరణలో రోజుకు వందల ఫొటోల కింద సంతకం పెట్టే ఒక యువ డాక్టరు మెడకు మొత్తం భారం చుట్టుకుంటుంది. తను సరిగా చూడలేని దానికి, తను తయారుచేయని దానికి అతను జవాబుదారీ అవుతాడు. అమెరికాలో 2018 ఏప్రిల్‌లో డాక్టరు ప్రమేయం లేకుండా రెటీనా జబ్బును నిర్ధారించే తొలి యంత్రానికి అనుమతి దొరికింది. దాన్ని తయారుచేసిన సంస్థ, యంత్రం తప్పు చెబితే బాధ్యత తనదేనని ముందుకొచ్చి అందుకు బీమా కూడా చేసుకుంది. మన ప్రభుత్వాలు కొనే ప్రతి ఏఐ పరికరానికీ ఇదే షరతు పెట్టాలి. తన యంత్రాన్ని తానే నమ్మని కంపెనీని మన రోగులు నమ్మాల్సిన పని లేదు.

కంపెనీ చెప్పిన శాతాలు మన ఆస్పత్రిలో నిలుస్తాయన్న హామీ కూడా లేదు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి వచ్చే సెప్సిస్‌ను ముందే పసిగడుతుందని అమెరికాలో వందలాది ఆస్పత్రులు ఒక సాఫ్ట్‌వేర్‌ను వాడుకలో పెట్టుకున్నాయి. మిషిగన్ విశ్వవిద్యాలయ ఆస్పత్రి వైద్యులు తమ రోగుల మీద లెక్క తీసి 2021లో ప్రచురిస్తే, నూటికి 67 కేసులను అది వదిలేసిందని తేలింది. అంత సౌకర్యాలున్న చోటే అలా జరిగింది. ఉస్మానియాలోనో, గుంటూరు ప్రభుత్వాస్పత్రిలోనో, విశాఖ కేజీహెచ్‌లోనో మన రోగుల మీద పరీక్షించి, ఫలితాన్ని బహిరంగంగా పెట్టిన తర్వాతే ఏ పరికరాన్నైనా జిల్లాలకు పంపాలి.

రోగి సమాచారం సంగతి కూడా తేలిగ్గా తీసుకునేది కాదు. రెటీనా ఫొటో ఒక్కటి చూసి మనిషి ఆడో మగో, వయసెంతో, పొగ తాగుతాడో లేదో కంప్యూటర్ అంచనా కట్టగలదని 2018లో గూగుల్ పరిశోధకులే చూపించారు. కంటి డాక్టర్లు చూసి చెప్పలేనివి అవి. షుగర్ పరీక్ష కోసం ఇచ్చిన ఫొటో రేపు బీమా కంపెనీ చేతిలో ఏం చెబుతుందో రోగికి తెలియదు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అనుమతి తీసుకోవాలంటోంది. శిబిరంలో వరుసలో నిలబడ్డ పెద్దమ్మకు తెలుగులో, నోటితో, రెండు నిమిషాలు వివరించి అడిగితేనే దాన్ని అనుమతి అనాలి. మన కళ్లతో చదువుకున్న యంత్రం మనకు తక్కువ ధరకు అందాలని అడగడం కూడా న్యాయమే. భారత్, థాయిలాండ్‌లలో పదేళ్లలో 60 లక్షల ఉచిత పరీక్షలు చేస్తామని గూగుల్, దాని భాగస్వాములు 2024లో ప్రకటించారు. మంచి అడుగు. 10 కోట్ల రోగుల ముందు అది తొలి అడుగు మాత్రమే.

డాక్టర్ల నైపుణ్యం గురించి ఒక మాట. పోలండ్‌లో పెద్దపేగు పరీక్షలు చేసే వైద్యులు కొంతకాలం ఏఐ సాయంతో పనిచేశాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో గడ్డలను గుర్తించే రేటు 28.4 శాతం నుంచి 22.4కు పడిపోయిందని 2025లో ఒక అధ్యయనం తెలిపింది. ఒక్క అధ్యయనంతో తీర్పు ఇవ్వలేం. కానీ మన పీజీ వైద్య విద్యార్థులు యంత్రం జవాబు చూడకముందే తమ జవాబు రాసే పద్ధతిని ఇప్పుడే అలవాటు చేయడం మంచిది. కరెంటు పోయిన రోజున కూడా రోగులు వస్తారు.

రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు ఒకటే విన్నపం. ఏఐ కెమెరాలకు టెండరు పిలిచేటప్పుడు తీసిన ఫొటోల సంఖ్యను బట్టి డబ్బు చెల్లించకండి. యంత్రం అనుమానించిన వారిలో ఎందరు డాక్టరును చేరారు, ఎందరికి చికిత్స పూర్తయింది అన్న లెక్కను మండలాలవారీగా ప్రతి మూడు నెలలకూ ప్రకటించండి. రోగితో పాటు తోడు వచ్చే మనిషికి కూడా ఛార్జీలివ్వండి. ప్రతి జిల్లా ఆస్పత్రిలో లేజర్ పనిచేసేలా, ఇంజెక్షన్ దొరికేలా చూశాకే కెమెరాలు కొనండి.

ఇది చదువుతున్న మీకు షుగర్ ఉంటే, చూపు ఎంత బాగున్నా, ఏడాదిగా రెటీనా పరీక్ష చేయించుకోకపోతే ఈ వారంలోనే వెళ్లండి. ఇంట్లో అమ్మకో నాన్నకో ఉంటే తోడు వెళ్లండి.