అరువు తుపాకి

దక్షిణ లెబనాన్ పల్లెల్లో కొండవాలుల నిండా ఆలివ్ తోటలు, వాటి నడుమ పొగాకు చేలు. కోతల కాలంలో ఇంటిల్లిపాదీ కూర్చుని ఆకులు దండలుగా గుచ్చి ఆరబెడతారు. అక్కడివారిలో ఎక్కువమంది షియాలు, పేదవారు. బీరూట్‌లోని ప్రభుత్వాలు దశాబ్దాలపాటు ఆ వైపు కన్నెత్తి చూడలేదు. పాలస్తీనా గెరిల్లాలు వచ్చి ఆ కొండల మీదుగా ఇజ్రాయెల్‌పై దాడులు చేశారు. వారిని తరుముతూ 1978లోనూ, 1982లోనూ ఇజ్రాయెల్ సైన్యం వచ్చింది. తన జీతం మీద ‘దక్షిణ లెబనాన్ సైన్యం’ అనే బలగాన్ని కూడా పోషించింది.

1982లోనే ఇరాన్ తన రివల్యూషనరీ గార్డులను బెకా లోయకు పంపింది. బాల్‌బెక్ పరిసరాల్లో వారు తర్ఫీదిచ్చిన కుర్రాళ్లే హెజ్‌బొల్లా అనే సాయుధ దళానికి పునాది. ఇజ్రాయెల్‌తో ఇరాన్‌కు సరిహద్దు లేదు. అయినా ఇజ్రాయెల్ గుమ్మం ముందే ఇరాన్ మనుషులు కాపు కాస్తారు, ఎదురుదెబ్బ మాత్రం లెబనాన్ నేల మీద పడుతుంది. టెహ్రాన్‌కు ఇంతకంటే చవకైన బేరం దొరకదు.

అయితే ఆ పల్లెల్లోకి వచ్చింది తుపాకి ఒక్కటే కాదు. ఆస్పత్రి, బడి, చనిపోయినవాడి కుటుంబానికి నెలనెలా భృతి కూడా వచ్చాయి. 2006లో ఇజ్రాయెల్‌తో జరిగిన 34 రోజుల యుద్ధంలో లెబనాన్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. కాల్పులు ఆగిన కొద్ది రోజులకే హెజ్‌బొల్లా మనుషులు ఇళ్లు కూలినవారికి 12 వేల డాలర్ల దాకా నోట్ల కట్టలు పంచారు. సొంత ప్రభుత్వం కంటే ముందు వచ్చిన చెయ్యి అది. బిడ్డలతో వీధిన పడి ఆ చేతిని అందుకున్న తల్లిని తప్పుపట్టడానికి మాకు మనసొప్పదు.

తప్పు ఇచ్చినవారి లెక్కలో ఉంది. లెబనాన్ అంతర్యుద్ధాన్ని ముగించిన 1989 తాయిఫ్ ఒప్పందం తర్వాత మిగతా సాయుధ దళాలు చాలావరకు ఆయుధాలు అప్పగించాయి. ఇజ్రాయెల్ ఆక్రమణను ఎదిరించాలన్న పేరుతో హెజ్‌బొల్లా వాటిని ఉంచుకుంది. 2000 మే నెలలో ఇజ్రాయెల్ వెళ్లిపోయింది. అది పోషించిన బలగం రోజుల్లో చెదిరిపోయి, అందులో చాలామంది పెళ్లాంబిడ్డలతో సరిహద్దు దాటారు. హెజ్‌బొల్లా ఆయుధాలు మాత్రం కదల్లేదు. 2008లో అవి బీరూట్ వీధుల్లో సాటి లెబనాన్ పౌరుల మీదికే తిరిగాయి. ఆ తర్వాత ఇరాన్ మిత్రుడైన అప్పటి సిరియా అధ్యక్షుడు అసద్‌ను నిలబెట్టడానికి ఆ దేశానికి వెళ్లాయి. పొగాకు రైతు కొడుకుకు అలెప్పోలో ఏం పని? 2016లో హెజ్‌బొల్లా అధినేత నస్రల్లాయే స్వయంగా చెప్పారు, తమ జీతాలు, తిండి, ఆయుధాలు అన్నీ ఇరాన్ సొమ్మేనని.

2023 అక్టోబరు 8న గాజాకు మద్దతుగా హెజ్‌బొల్లా రాకెట్లు పేల్చినప్పుడు లెబనాన్ మంత్రివర్గాన్ని ఎవరూ అడగలేదు. సరిహద్దుకు అవతల ఉత్తర ఇజ్రాయెల్‌లోనూ వేలమంది ఇళ్లు వదిలారు. 2024 నవంబరులో ఇజ్రాయెల్‌తో కాల్పుల విరమణ కుదిరేనాటికి లెబనాన్‌లో దాదాపు నాలుగు వేల మంది చనిపోయారు, పది లక్షలకు పైగా జనం నిరాశ్రయులయ్యారు. నస్రల్లా కూడా చనిపోయారు. సరిహద్దు వెంట ఊళ్లకు ఊళ్లే నేలమట్టమయ్యాయి.

ఆయుధం ప్రభుత్వం చేతిలోనే ఉండాలని 2025 జనవరిలో కొత్త అధ్యక్షుడు జోసెఫ్ ఔన్ ప్రకటించారు. అందుకు ప్రణాళిక వేయమని ఆగస్టులో మంత్రివర్గం సైన్యానికి చెప్పింది. సబబైన నిర్ణయమే. కానీ సైనికుడు వెళ్లి తుపాకి అడిగే ఊరికి మేస్త్రీ, డాక్టరు, పంతులు కూడా వెళ్లాలి. పునర్నిర్మాణానికి, కోలుకోవడానికి 1,100 కోట్ల డాలర్లు కావాలని ప్రపంచ బ్యాంకు 2025లో అంచనా వేసింది. ఆ సొమ్ము టెహ్రాన్ నుంచో మరో రాజధాని నుంచో ఏదో ఒక దళం సంచిలో కాక, లెబనాన్ ప్రభుత్వం చేతుల మీదుగా ఆ ఊళ్లకు చేరాలి. 1998 నుంచి మన సైనికులు ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో ఆ కొండల మీద కాపలా కాశారు. ఆ ఊళ్ల తరఫున ఈ మాట గట్టిగా అడగవలసిన దేశాల్లో మనదీ ఒకటి.