తెల్లదారిలో పాత సైకిలు

అక్టోబరు మొదటి ఆదివారం. ఇంకా తెల్లవారలేదు. ఇటలీలోని గయోలె ఇన్ కియాంటీ అనే చిన్న ఊరి నుంచి సైకిళ్లు ఒకదాని వెనక ఒకటి చీకట్లోకి బయల్దేరతాయి. తొక్కేవాళ్ల ఒంటిమీద ఉన్ని బనీన్లు, భుజాల చుట్టూ వేలాడే స్పేర్ టైర్లు. బ్రోలియో కోటకు ఎక్కే దారి పొడవునా దీపాలు. చూసినవాళ్లకు ఏదో పాత సినిమా షూటింగ్ అనిపిస్తుంది. కానీ అది ‘లెరోయికా’... పాత సైకిళ్ల పండగ!

ఎరోయికా అంటే వీరోచితమని అర్థం. ఇందులో పాల్గొనాలంటే కాళ్లలో బలం ఒక్కటే ఉంటే చాలదు. సైకిలుకు వయసుండాలి. 1987కు ముందు తయారైన రేసు సైకిలే తేవాలి. గేరు మీటలు ఫ్రేము కింది గొట్టం మీదే ఉండాలి. బ్రేకు తీగలు హ్యాండిల్ బయటికి కనిపించాలి. పాదాన్ని పట్టీతో బిగించే పెడళ్లు ఉండాలి. అలాంటి సైకిలు లేదా? అక్కడే అద్దెకూ దొరుకుతాయి. పండగ రోజుల్లో ఊళ్లో పాత సైకిళ్లు, విడిభాగాలతో సంత కూడా పెడతారు.

ఇంత పట్టుదల ఎందుకంటే... దీని వెనక ఓ దారి కథ ఉంది. టస్కనీ కొండల్లో ద్రాక్షతోటల మధ్య సాగే మట్టిరోడ్లు సున్నం చల్లినట్టు తెల్లగా ఉంటాయి. ఒకప్పటి సైకిలు వీరులు తొక్కింది ఇలాంటి దారుల్లోనే. వాటి మీద ఒక్కొక్కటిగా తారు పడుతుంటే జాన్‌కార్లో బ్రొచ్చి అనే స్థానికుడు ఊరుకోలేకపోయాడు. రోడ్డును కాపాడమని ఊరికే అడిగితే ఎవరు వింటారు? అందుకే పాత సైకిళ్లను ఆ రోడ్ల మీదికి రప్పించాడు. 1997లో వచ్చినవాళ్లు 92 మంది. ఇప్పుడు వేలల్లో వస్తున్నారు. 2007 నుంచి పెద్ద పెద్ద రేసర్లు కూడా ‘స్త్రాదే బియాంకే’ (తెల్లదారులు) పేరుతో ప్రసిద్ధమైన పందెంలో అదే దుమ్ములో పోటీ పడుతున్నారు. వట్టి మట్టిరోడ్డనుకున్నదే ఆ ప్రాంతానికి గుర్తింపైంది.

మనవాళ్లెవరైనా వెళ్లాలనుకుంటే వేసవిలోనే పని మొదలుపెట్టాలి. ముందు పేరు నమోదు, నిర్వాహకులు అడిగితే వైద్యుడి సర్టిఫికెట్టు. తర్వాత షెంజెన్ వీసా. దీనికి ప్రయాణానికి ఆర్నెల్ల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 30 వేల యూరోల వైద్యబీమా తప్పనిసరి. గయోలెకు రైలు లేదు. ఫ్లారెన్స్‌లో దిగినా చివరికి రోడ్డు మార్గమే గతి. ఊరి జనాభా మూడువేలు కూడా ఉండదు కాబట్టి గదులు ఎప్పుడో నిండిపోతాయి. చుట్టుపక్కల ఊళ్లలోనైనా ముందే చూసుకోవాలి.

ఇక సొంత సైకిలు తీసుకెళ్లేవాళ్లకు అసలు పరీక్ష అట్టపెట్టె దగ్గరే! చక్రాలు, పెడళ్లు ఊడదీయాలి. ఎడమ పెడల్ మర తిరిగేది అటువైపు కాదు... ఇటువైపు. అది తెలియక బలం చూపిస్తే మర అరిగిపోతుంది. ముందు ఫోర్కు కాళ్ల మధ్య చెక్కముక్క బిగిస్తే దారిలో వంగదు. నలభై ఏళ్లనాటి భాగం విరిగితే మళ్లీ దొరకడం కష్టం మరి.

తీరా అక్కడికి వెళ్లాక 50 కిలోమీటర్ల లోపు దారి నుంచి 200 పైచిలుకు దాకా ఎవరి ఓపికను బట్టి వాళ్లు ఎంచుకోవచ్చు. ఎవరు ముందొచ్చారన్న లెక్కే లేదు. మధ్యమధ్యలో ఆగి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. అక్కడే రొట్టె, కూరగాయలతో వండిన వేడివేడి ‘రిబొల్లీతా’ సూపు పెడతారు. నిటారు ఎత్తుల్లో గేరు సరిపోక సైకిలు దిగి నెట్టుకుంటూ నడిచేవాళ్లూ కనిపిస్తారు. అందులో నామోషీ ఏమీ లేదు.

సాయంత్రానికి అందరి ముఖాల మీదా తెల్లటి దుమ్మే. తారు వేసుంటే ఆ దుమ్మూ ఉండేది కాదు, దానికోసం ఇంతదూరం వచ్చేవాళ్లూ ఉండేవాళ్లు కాదు!