గ్రహణం పట్టినది మాటకే



ముప్పయ్యేళ్ళకు పైగా బడిపిల్లలకు సమాసాలు చెప్పి విశ్రాంతి పొందిన తెలుగు పండితుణ్ణి. ఈ టపాలో ఒక సమాసం మీద వ్యాజ్యం వేయదలచాను. ఆ సమాసం 'గ్రహణం మొర్రి'. పై పెదవి చీలి పుట్టిన బిడ్డకు మన ఊళ్ళలో ఉన్న పేరు ఇదే. దీనికి విగ్రహవాక్యం అడిగితే పదో తరగతి పిల్లవాడు తడుముకోకుండా 'గ్రహణము వలన మొర్రి' అంటాడు. దొంగ వలన భయం దొంగభయమైనట్లే ఇదీ పంచమీ తత్పురుషం. వ్యాకరణం నిర్దుష్టమే, అభియోగమే అబద్ధం. ఆ 'వలన' అన్న చిన్న ప్రత్యయంలో ఒక నేరమూ, ఒక నేరస్థురాలూ దాగి ఉన్నారు. గ్రహణం పట్టేది ఆకాశంలో; శిక్ష పడేది కన్నతల్లికి. గ్రహణవేళ కదిలిందని, కూర తరిగిందని, కత్తి ముట్టిందని.

ఈ తీర్పు చదివే న్యాయస్థానం మా సీమలో పండుగ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే అనంతపురం నేల మాది. వేరుశనగ చేతికి రాని ఏడు ఊళ్ళకు ఊళ్ళు బెంగళూరు దారి పడతాయి. అందరూ ఒకచోట చేరేది సంక్రాంతికో, ఉగాదికో. కొత్తగా పుట్టిన బిడ్డను బంధుకోటి మొదటిసారి చూసేదీ అప్పుడే.

నిరుటి సంక్రాంతికి మా చెల్లెలి ఇంట మేనకోడలి ఒడిలో రెండు నెలల ఆడబిడ్డ ఉంది. పెదవీ, అంగిలీ రెండూ చీలి పుట్టిన బిడ్డ. భోగినాటి సాయంత్రం పసివాళ్ళకు రేగుపళ్ళు పోయడానికి పీటలు వాలుస్తుండగా ఒక పెద్దామె, "బిడ్డను లోపల పండబెట్టు మ్మా, నలుగురొచ్చే పొద్దు. గ్రహణం నాడు ఏం కోస్తివో ఏమో" అన్నది. ఆమె దుష్టురాలు కాదు. ఆనాడు అందరికీ కొసరి కొసరి ఓళిగలు వడ్డించినదీ ఆమే. అంత దయగల నోటి నుండి కూడా ఈ మాట అలవోకగా రావడమే నన్ను బాధించింది. మేనకోడలు బదులు పలకలేదు. వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టుకోసాగింది, ఏ గ్రహణం ఎప్పుడు పట్టిందా అని. నేను పీట దగ్గరకు జరిపి తల్లినీ బిడ్డనూ దాని మీద కూర్చోబెట్టాను. ఆ లెక్కకు జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

గర్భంలో బిడ్డ పెదవి రూపుదిద్దుకునేది నాలుగు నుండి ఏడు వారాల మధ్య. అంగిలి ఏర్పడేది ఆరు నుండి తొమ్మిది వారాల మధ్య. చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమని రూఢి అయ్యేదే ఆ రోజుల్లో. ఇక ఏడో నెలలో గ్రహణం వచ్చిందని చీకటిగదిలో గుక్కెడు నీళ్ళైనా ఇవ్వక పడుకోబెట్టడం దేనికి? కూడవలసిన పెదవి అప్పటికి కూడి నెలలు గడిచాయి, కూడనిది కూడలేదు. ప్రపంచం మొత్తం మీద సుమారు 700 మంది శిశువులలో ఒకరు ఇలా పుడుతున్నారు. వంశానుగత లక్షణాలు, గర్భానికి ముందునుండీ ఉన్న మధుమేహం, పొగ, మూర్ఛకు వాడే కొన్ని మందులు ఇందుకు తోడ్పడవచ్చునని వైద్యులు చెబుతారు. పెక్కుమంది విషయంలో ఫలానా కారణమని వేలెత్తి చూపలేమనీ వారే చెబుతారు. వంశానుగతమన్నప్పుడు తండ్రి వాటా కూడా ఉండాలి కదా! 'గ్రహణం నాడు నీవేం కోస్తివి' అని తండ్రిని అడిగినవారిని నేనింతవరకు చూడలేదు.

ఇది శాస్త్రమని వాదించే పెద్దలున్నారు. ఏ శాస్త్రం? చంద్రుని నీడ వలన సూర్యగ్రహణం, భూమి నీడ వలన చంద్రగ్రహణం కలుగుతాయని క్రీ.శ. 499 నాటి గ్రంథంలో ఆర్యభటుడు చెప్పాడు. మన పంచాంగకర్త స్పర్శ, మోక్ష కాలాలను కట్టేదీ ఆ ఛాయాగణితంతోనే. సముద్రాలకు ఆవల మెక్సికోలోనూ ఇదే భయం ఉంది. అక్కడి పూర్వపు అజ్టెక్ స్త్రీలు గ్రహణం నుండి గర్భాన్ని కాపాడుకోవడానికి నల్లని అగ్నిశిలతో చేసిన కత్తిని కడుపు దగ్గర ఉంచుకునేవారు. అక్కడి పల్లెల్లో పిన్నీసో, తాళంచెవో ధరించే అలవాటు ఆ కత్తికి వారసురాలే. మనకు కత్తి ముడితే దోషం, వారికి కత్తి ముట్టకపోతే దోషం. రెండూ శాస్త్రాలే అయితే ఆ రాహువు ఏ దేశపు చట్టం పాటిస్తున్నట్లు?

2010 జనవరి 15న, సరిగ్గా కనుమనాడు, దక్షిణాదిన కంకణ సూర్యగ్రహణం పట్టింది. ఆనాడు ఇటుకబట్టీల దగ్గర, కంకర క్వారీల దగ్గర గుడిసెల్లో ఉన్న గర్భిణులకు చీకటిగది ఎవరిచ్చారు? పదవీ విరమణకు ముందు ఆ ఏడు పుట్టిన పిల్లలకు నేను పాఠం చెప్పాను. తక్కిన ఏళ్ళ పిల్లల వంటి పిల్లలే వారూను.

'మాటదేముందండీ, చేసేదే ముఖ్యం' అనేవారికి నా సమాధానం: ఈ మాటే చేయవలసినదాన్ని చేయనివ్వడం లేదు. అంగిలి చీలిన బిడ్డ రొమ్ము పట్టి పాలు లాగలేదు. పాలు ముక్కులోకి ఎక్కుతాయి. తల ఎత్తి పట్టుకొని కొద్దికొద్దిగా పట్టాలి. అందుకు ఆసుపత్రుల్లో సైతం వాడే సాధనాలలో ఒకటి ఏమిటో తెలుసునా? మన ఉగ్గుగిన్నె! సంప్రదాయం మనకు ఈ పాడుమాటనూ ఇచ్చింది, ఆ ముక్కుగిన్నెనూ ఇచ్చింది. సంప్రదాయాభిమానులు మాటను భద్రంగా పెట్టుకొని గిన్నెను అటకెక్కించారు.

శస్త్రచికిత్సకు శస్త్రవైద్యులు పాటిస్తూ వచ్చిన పాత లెక్క ఒకటుంది: పది వారాల వయసు, పది పౌండ్ల బరువు, పది గ్రాముల హిమోగ్లోబిన్. పెదవిని మూడు నుండి ఆరు నెలల మధ్య, అంగిలిని మాటలు స్థిరపడక ముందు, దాదాపు తొమ్మిది నుండి పద్దెనిమిది నెలల మధ్య సరిచేస్తారు. లోపలి గదిలో దాచిన బిడ్డను తూచేదెవరు? ప్రభుత్వం 2013లో ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఈ చీలిక కూడా ఉంది. 1999లో ఏర్పడిన స్మైల్ ట్రైన్ సంస్థ భాగస్వామ్య ఆసుపత్రుల ద్వారా ఉచితంగా శస్త్రచికిత్సలు చేయిస్తోంది. మా బిడ్డకు ఉగాది దాటాక పెదవి కూడింది. ఖర్చు అడ్డురాని చోట కూడా సిగ్గు అడ్డువస్తోంది. ఆ సిగ్గును కన్నది ఈ సమాసమే.

వర్ణోత్పత్తి చెప్పినవాణ్ణి కనుక మరొక్క మాట. 'ప', 'బ' పలకాలంటే పెదవులు మూసి గాలిని నోట బంధించాలి. అంగిలి చీలితే ఆ గాలి ముక్కులోకి జారిపోతుంది. అనునాసికమైన 'మ'కు ఆ ఇబ్బంది లేదు. అందుచేత అటువంటి బిడ్డ 'అబ్బ' అనబోయినా మనకు 'అమ్మ' అనే వినబడవచ్చు. లోకమంతా నిందించిన ఆ తల్లినే బిడ్డ పిలుస్తుంది. సకాలంలో అంగిలి కూర్చి, పలుకు నేర్పితే ఓష్ఠ్యాలన్నీ వస్తాయి. చేయకపోతే ఆ పలుకు అలాగే నిలిచిపోతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో వాక్కుకు, భాషకు సంబంధించినది ఒకటి. పుట్టుకతో వచ్చినది చీలిక. దాన్ని వైకల్యం దాకా తెచ్చేది మన జాప్యం.

శస్త్రచికిత్సతో సరిపోయే బిడ్డ కనుక పీట వేయమంటున్నాననుకోకండి. 2019 డిసెంబరు 26 గ్రహణం నాడు మన పొరుగున కలబురగి జిల్లా తాజ్‌సుల్తాన్‌పూర్‌లో వికలాంగులైన పిల్లలను, నయమవుతుందని నమ్మి, మెడ లోతు మట్టిలో పాతిపెట్టారు. పండుగపూట బిడ్డను లోపలి గదిలో పండబెట్టడం కూడా అటువంటి పాతిపెట్టడమే. మట్టి కనబడదు, అంతే. నడవని బిడ్డకూ, వినని బిడ్డకూ, ఎన్నటికీ మాటలు రాని బిడ్డకూ పండుగ పీట మీద హక్కు ఉంది. ఆ హక్కుకు వైద్యుని ధ్రువపత్రం అక్కరలేదు.

కనుక నా వ్యాజ్యంలో కోరే పరిహారం ఇంతే. 'పెదవి చీలిక' అందాం, 'అంగిలి చీలిక' అందాం. పెదవి యొక్క చీలిక, షష్ఠీ తత్పురుషం. షష్ఠిలో సంబంధం ఉంటుంది, నేరం ఉండదు. వచ్చే పండుగకు మీ ఇంట ఎవరి నోటైనా ఆ పాతమాట దొర్లితే వారిని నొప్పించకండి. విగ్రహవాక్యం మార్చి చెప్పి, ఉగ్గుగిన్నె ఎక్కడుందో అడగండి.