క్షమాభిక్ష ఎవరు ఎవరికి పెట్టాలి?

2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం ఒకటి 104 మంది భారతీయులను తెచ్చి అమృత్‌సర్‌లో దింపింది. చేతులకు బేడీలు, కాళ్లకు గొలుసులు. మరునాడు ప్రతిపక్ష ఎంపీలు తామూ బేడీలు వేసుకుని పార్లమెంటు ముందు నిరసన తెలిపారు. డిపోర్ట్ చేసేవాళ్లను ఇలా కట్టి పంపడం అమెరికాలో 2012 నుంచి ఉన్న పద్ధతేనని విదేశాంగ మంత్రి జైశంకర్ రాజ్యసభలో జవాబిచ్చారు. ఆ బేడీలను ఖండించాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే గల్ఫ్ దేశాలు మన పల్లెల మనుషులను ఏళ్ల తరబడి వెనక్కి పంపుతూనే ఉన్నాయి. వాళ్లు మామూలు విమానాల్లో, మామూలు ప్రయాణికుల మధ్య కూర్చుని శంషాబాద్‌లో దిగుతారు. చేతిలో ఒక సంచి, జేబులో అవుట్‌పాస్. వాళ్ల గురించి సభల్లో అంత దుమారం ఎన్నడూ రేగలేదు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో ‘ఖల్లివెల్లి’ అనే మాట తెలియనివాళ్లు తక్కువ. ‘పోతే పోనీ’ అనే అర్థంలో వాడే అరబ్బీ మాట అది. మనవాళ్ల నోట కంపెనీ వదిలి బయటపడ్డ కార్మికుడికి పేరైంది. అతను ఎందుకు బయటపడ్డాడని అడిగితే దాదాపు ఎప్పుడూ వచ్చే జవాబులు మూడు: జీతం ఇవ్వలేదు, చెప్పిన పని వేరు చేయించిన పని వేరు, లేదా ఇంట్లో కొట్టారు.

గల్ఫ్‌లో కార్మికుడి నివాస హక్కు అతనిది కాదు, కఫీల్‌ది. వీసా కఫీల్ పేరు మీద ఉంటుంది. అఖామా పొడిగించాల్సింది కఫీలే. అతను పొడిగించకపోతే నేరస్తుడయ్యేది మాత్రం కార్మికుడు. సౌదీలో యజమాని ‘హురూబ్’ పెడితే, అంటే పారిపోయాడని ఫిర్యాదు చేస్తే, కొన్నిసార్లు ఆ సంగతి పోలీసులు ఆపి కార్డు చూసేదాకా కార్మికుడికి తెలియదు. నాలుగు నెలల జీతం అడిగినవాడి మీద హురూబ్ పెట్టేస్తే ఇక బాకీ గొడవే ఉండదు. అప్పటినుంచి అతను బాకీ రావాల్సిన మనిషి కాదు, పట్టుకుని పంపాల్సిన మనిషి. సరిహద్దు దొంగచాటుగా దాటినవాడికీ ఇతనికీ తేడా ఇక్కడే ఉంది. ఇతను చట్టబద్ధంగానే వెళ్లాడు, అక్కడికి చేరాక చట్టవిరుద్ధం చేశారు.

కొన్నేళ్లకోసారి ఆ ప్రభుత్వాలు గడువు ఒకటి ప్రకటిస్తాయి. సౌదీ 2013లో, 2017లో ప్రకటించింది. కువైట్ 2018, 2020, 2024లో, యూఏఈ 2018, 2024లో ప్రకటించాయి. ఆ గడువులోగా వెళ్లిపోతే జరిమానా ఉండదు, జైలు ఉండదు. 2018 నాటికి కువైట్‌లో గడువు మీరినవాళ్లకు జరిమానా రోజుకు 2 దినార్లు, గరిష్టంగా 600 దినార్లు. కాబట్టి ఆ మాఫీ చిన్నదేం కాదు, దానివల్ల వేలమంది ఇల్లు చేరారు. కానీ మన పత్రికలు దీనికి పెట్టిన పేరు చూడండి: క్షమాభిక్ష. క్షమ అంటే నేరం ఇతనిది. భిక్ష అంటే దాత వాళ్లు. జీతం ఎగ్గొట్టిన కఫీల్ ఎక్కడా కనిపించడు! తరతరాలుగా కూలి అడిగితే పొగరన్న మాట పడినవాళ్లం మనం. ఈ పేరు వెనక ఉన్న తర్కం మనకు కొత్తది కాదు.

డిపోర్టేషన్ దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. మన చట్టం ప్రకారం రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోవాల్సిన సర్వీస్ చార్జి 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. ఊళ్లో సబ్ ఏజెంటుకు ఇచ్చేది లక్ష దాటడం మామూలే. ఆ డబ్బు ఎక్కడిది? నాలుగెకరాల పట్టా ఉన్నవాడికి కనీసం అమ్ముకోవడానికి ఒక ఎకరం ఉంటుంది. దళిత కుటుంబానికి ఉంటే గింటే అసైన్డ్ భూమి, దాన్ని అమ్మడానికి 1977 చట్టం ఒప్పుకోదు. (ఆ చట్టం ఉండాల్సిందే. లేకపోతే ఆ భూమి ఎప్పుడో చేతులు మారేది.) మిగిలేది పుస్తెలతాడు, నూటికి మూడు రూపాయల మిత్తి. రెండేళ్లు పనిచేస్తే తీరే అప్పు, ఏడో నెలలో తిరిగొచ్చినవాడికి ఎలా తీరుతుంది? అందుకే చాలామంది దొరికితే జైలని తెలిసీ ఖల్లివెల్లిగానే ఉండిపోతారు. గడువు ప్రకటించినా కదలరు. వాళ్లకు భయం పోలీసులంటే కాదు, ఊళ్లో అప్పిచ్చినవాడంటే.

కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. వాళ్లలో దళిత, వెనుకబడిన కులాల స్త్రీలు చాలామంది. 30 ఏళ్లలోపు స్త్రీలు ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఇంటిపనికి వెళ్లకుండా మన ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. రక్షణ కోసమే అన్నారు. ఆచరణలో ఏజెంట్లు విజిట్ వీసా దారి చూపించారు, దాంతో వాళ్ల పేరు మన రికార్డుల్లోనే లేకుండా పోయింది. సౌదీ 2021 మార్చిలో ఉద్యోగం మారే వెసులుబాటు కల్పించినప్పుడు ఇంటిపనివాళ్లను దానికి బయటే ఉంచింది. సంస్కరణలు ఒకే దిశలో సాగడం లేదు కూడా. ఖతర్ 2018 నుంచి ఎగ్జిట్ పర్మిట్‌ను ఎత్తేస్తూ వస్తే, కువైట్ 2025 జూలై 1 నుంచి ప్రైవేటు రంగంలోని విదేశీ కార్మికులకు దాన్ని కొత్తగా తెచ్చిపెట్టింది.

మన ప్రభుత్వం పాత్ర? 2020లో కరోనా వచ్చి ఎంతోమంది జీతాలు వదులుకుని విమానాలెక్కారు. ఆ జూన్‌లోనే వలస కార్మికుల సంఘాలు ‘వేతన దొంగతనం’పై అంతర్జాతీయ ఉద్యమం మొదలుపెట్టాయి. సరిగ్గా అదే ఏడాది సెప్టెంబర్‌లో కేంద్రం గల్ఫ్ కార్మికుల కనీస రెఫరల్ వేతనాన్ని 30 నుంచి 50 శాతం దాకా కోసేసింది. తెలంగాణ గల్ఫ్ కార్మిక ఉద్యమకారులు హైకోర్టుకెక్కారు, ఆందోళనలు చేశారు. 2021 జూలైలో కేంద్రం వెనక్కి తగ్గింది. పట్టుబడితే దిగివస్తారని అప్పుడు రుజువైంది.

ఇప్పుడు పట్టుబట్టాల్సింది జీతం బాకీ మీద. వలస కార్మికుల హక్కులపై 1990లో ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడికలో 22వ అధికరణం ఉంది. మూకుమ్మడిగా వెళ్లగొట్టకూడదని, వెళ్లగొట్టినా రావాల్సిన వేతనం తేల్చుకునే అవకాశం ముందో తర్వాతో ఇవ్వాలని అది చెబుతుంది. గల్ఫ్ దేశాలేవీ దాన్ని ఆమోదించలేదు. మన దేశమూ ఆమోదించలేదు. మనం సంతకం పెట్టని కాగితం పట్టుకుని కువైట్‌ను ఎలా నిలదీస్తాం?

అయినా దాని కోసం ఆగక్కర్లేదు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరుండిపోయిన ప్రతి కార్మికుడూ అవుట్‌పాస్ కోసం మన రాయబార కార్యాలయం కిటికీ ముందు నిలబడాలి. అతను భారత ప్రభుత్వానికి ఎదురుపడేది అక్కడే. ఫొటో, వేలిముద్రలతో పాటు ఇంకో కాగితం ఎందుకు తీసుకోరు: ఏ కంపెనీ, ఎన్ని నెలల జీతం, గ్రాట్యుటీ ఎంత? అతను వెళ్లాక కేసు నడపడానికి ఒక పవర్ ఆఫ్ అటార్నీ కూడా రాయించుకోవచ్చు. 2009 నుంచి ఉన్న భారతీయ సామాజిక సంక్షేమ నిధి ప్రవాసుల నుంచి వసూలు చేసే రుసుములతోనే నడుస్తోంది. లాయర్ల ఖర్చు దాన్నుంచి పెట్టొచ్చు.

రాష్ట్రాల సంగతికి వస్తే, గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల రూపాయలు ఇస్తోంది. ఎన్నో ఏళ్ల పోరాటం తర్వాత వచ్చింది, మంచిదే. బతికి తిరిగొచ్చినవాడి అప్పు మాటేమిటి? కేరళ 1996లోనే ప్రవాసుల కోసం ప్రత్యేక శాఖ పెట్టి, తర్వాత తిరిగొచ్చినవాళ్లకు స్వయం ఉపాధి రుణాలు, పెన్షన్ దాకా వెళ్లింది.

1983 ఎమిగ్రేషన్ చట్టం స్థానంలో తెచ్చే కొత్త బిల్లు ముసాయిదాను విదేశాంగ శాఖ 2025 అక్టోబర్‌లో ప్రజాభిప్రాయానికి పెట్టింది. బిల్లు సభకు వచ్చేలోగా విద్యార్థి మిత్రులు, సంఘాలు చేయగల పని ఒకటుంది. మీ మండలంలో తిరిగొచ్చినవాళ్ల ఇళ్లకు వెళ్లండి. కంపెనీ పేరు, అఖామా లేదా సివిల్ ఐడీ నంబరు, ఆగిపోయిన నెలలు, ఏజెంటుకు కట్టిన డబ్బు, ఊళ్లో అప్పు రాసుకోండి. కులం కూడా రాయండి, సర్కారు లెక్కల్లో ఆ గడి లేదు. ఆ జాబితా కలెక్టరుకు ఒక కాపీ, ఎంపీకి ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి.