పేరుకూ రక్షణ కావాలి

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీకి శ్రీకారం చుట్టారు. ఆ లాభమే 1908లో ఆంధ్రపత్రికకు ఆధారమైనది. పేరుపై జనానికి కుదిరిన నమ్మకం అంతటి మూలధనం! వ్యాపార చిహ్నాల నమోదుకు మన దేశంలో 1940లో గాని చట్టం రాలేదు. నేడు 1999 నాటి చట్టం అమలులో ఉన్నది. అయినను చిన్న వర్తకులు పలువురు అంగడికి లైసెన్సు పొంది, పేరును మాత్రం గాలికి వదలుతున్నారు. ఇది అవివేకం. నమోదు లేని పేరును అనుకరించినవారిపైనా దావా వేయవచ్చును. కాని తన పేరుకు ప్రతిష్ఠ ఉన్నదని పాత బిల్లులతో, సాక్షులతో నిరూపించే భారం వర్తకునిదే. నమోదు పత్రం ఉంటే ఆ శ్రమ చాలవరకు తప్పుతుంది. ‘ఆవకాయ’ వంటి సామాన్యనామం ఎవరి సొత్తూ కాదు గనుక ప్రత్యేకమైన పేరునే ఎంచుకోవాలి. నమోదు పదేళ్లు చెల్లుతుంది. ఆపై రుసుము చెల్లించి పునరుద్ధరించుకోవచ్చును.