చిన్న ఇంటికైనా వాకిట్లో కూర్చునే చోటుండాలి

పెరియంపట్టి చుట్టుపక్కల ఇప్పుడు కట్టే ఇళ్ళలో చాలావాటికి తిన్నె ఉండటం లేదు. స్థలం తక్కువ, బండి పెట్టుకోవాలి, కాంపౌండు గోడ లేపాలి అనుకునేసరికి ముందు పోయేది తిన్నే. చివరికి మిగిలేది తలుపు లోపల నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ఉండే నడవ. చెప్పులు, హెల్మెట్లు, వాటర్ క్యాను, కొరియర్‌లో వచ్చిన అట్టపెట్టెలు, పిల్లల బ్యాగులు అన్నీ అందులోనే. ధర్మపురిలో ఉన్నా, హోసూరులో ఉన్నా, బెంగళూరు ఫ్లాటులో ఉన్నా ఇదే కథ. ఎలా సర్దుకోవాలని ఎవరినడిగినా పెద్ద చెప్పుల స్టాండు కొనమంటారు. మేము ఒప్పుకోము. ముందు కావలసింది మనిషి కూర్చోడానికి ఒక చోటు. స్టాండు సంగతి ఆ తర్వాత.

ఎందుకంటారా? మన ఇళ్ళలో వీధిన తమిళం, లోపల తెలుగు. రెండూ కలిసేది వాకిట్లోనే. "వాంగ" అని పిలిచి, మనవాళ్ళేనని తెలియగానే "రాండి, కూకోండి" అనేది అక్కడే. 1965లో ధర్మపురి సేలం నుంచి వేరే జిల్లా అయింది, 2004లో కృష్ణగిరి ధర్మపురి నుంచి విడిపోయింది. జిల్లా గీతలు ఎన్ని మారినా ఇళ్ళలో మాట నిలిచిందంటే, సాయంత్రం తిన్నెల మీద పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే పిల్లలు పక్కన కూర్చుని వినడం ఒక కారణమని మా నమ్మకం. ఇప్పుడు వచ్చినవాళ్ళు చెప్పుల మధ్య నిలబడి, పనిమాట చెప్పి వెళ్ళిపోతున్నారు. బడిలో తమిళమో ఇంగ్లీషో. ఇక పిల్లల చెవిన పడే తెలుగు ఏది? తిను, చదువు, పడుకో. అంతే కదా! వాన సంగతి, పొలం సంగతి, పెళ్ళి సంబంధాల సంగతి తెలుగులో వినాలంటే, వచ్చిన మనిషి పది నిమిషాలు కూర్చోవాలి.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదహారు పదిహేడు అంగుళాల ఎత్తున్న గట్టి బల్ల ఒకటి గోడకానించి వేయండి. మామూలు చెప్పుల స్టాండు కూడా అడుగు వెడల్పు తినేస్తుంది కాబట్టి స్థలం అదనంగా పోయేదేమీ లేదు. బల్ల కింద మనిషికి ఒక జత, రోజూ వేసుకునేది మాత్రమే. పెళ్ళిళ్ళకు వేసుకునేవి అటక మీదికి పోవాలి. హెల్మెట్లకు గోడకు కొక్కేలు, పిల్లల బ్యాగులకు వాళ్ళకందే ఎత్తులో ఇంకో రెండు. తాళాలకు చిన్న డబ్బా. అట్టపెట్టె వచ్చిన రోజే విప్పేయాలి, నీళ్ళ క్యాను వంటింటికి చేరాలి. అవ్వాతాతలున్న ఇంట్లో బల్ల పక్కన గోడకు ఒక పట్టుకమ్మీ, పైన మంచి వెలుతురిచ్చే లైటు తప్పనిసరి.

చెప్పుల మీద మనుషుల్ని కూర్చోబెడతారా అని పెద్దవాళ్ళు అడుగుతారు, న్యాయమే. బల్లకు ముందు చిన్న తలుపు పెట్టించవచ్చు. అదీ నచ్చకపోతే ఎదుటి గోడకు, చెప్పులు నిలువుగా పట్టే సన్నపు పెట్టె బిగించుకోవచ్చు. దాని మందం ఏడెనిమిది అంగుళాలే. ఫ్లాటుల్లో మాత్రం స్టాండును బయట వరండాలోకి నెట్టకండి. నిప్పంటుకున్న రోజు అందరూ పరుగెత్తాల్సిన దారి అది.

ఇంకొకటి, గడప. టైల్సు వేసేటప్పుడు అడ్డమని దాన్ని తీసేయిస్తున్నారు. ఇంటి లోపలా కాదు, బయటా కాదు అని నరసింహస్వామి ఎంచుకున్న చోటది. తిరుమలకు గడప కాబట్టే కడపకు ఆ పేరొచ్చిందని పెద్దలు చెబుతారు. కాలికి తగులుతుందన్న భయం, చక్రాల కుర్చీ పోదన్న ఇబ్బంది నిజమైనవే. అలాంటి ఇంట్లో అర అంగుళం ఎత్తుంచి, రెండువైపులా వాలుగా చెక్కిస్తే సరిపోతుంది. శుక్రవారం పసుపు రాయడానికి, బొట్టు పెట్టడానికి ఆ మాత్రం చాలు.

మన పిల్లలకు తిన్నై, వాసల్‌పడి అనే మాటలు వీధిలో ఎలాగూ వస్తాయి, రానివ్వండి. తిన్నె, గడప, వాకిలి మాత్రం ఇంట్లోనే రావాలి. వస్తువే లేని ఇంట్లో మాట ఎన్నాళ్ళుంటుంది? అందుకే స్టాండు కొనేముందు టేపుతో నడవ కొలుచుకోండి. ఎన్ని జతలు పడతాయన్న లెక్క తర్వాత, వచ్చినవాళ్ళు ఎక్కడ కూకుంటారో ముందు చూసుకోండి.